పోస్ట్‌గ్రెస్ జేసన్‌బీ, ఈనమ్: ఎంటిటీలో నేరుగా వాడాలా, టెక్స్ట్‌గానే ఉంచాలా?

స్కీమా_సందేహం: హైబర్నేట్ 6 (జావా క్లాసుల్ని, అంటే ఎంటిటీల్ని, టేబుల్స్‌కి జతచేసే లైబ్రరీ), పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ వాడుతున్నాం. ప్రొడక్ట్ టేబుల్‌లో ఒక్కో రకానికి వేరే లక్షణాలు: చీరకి జరీ, ఫోన్‌కి ర్యామ్. వాటికి జేసన్‌బీ (జేసన్‌ని బైనరీ రూపంలో దాచే) కాలమ్, స్టేటస్‌కి పోస్ట్‌గ్రెస్ ఈనమ్ (ముందే ఖరారు చేసిన విలువల జాబితా) పెడదామంటే, రేపు డేటాబేస్ మారిస్తే కష్టమని టీమ్‌లో సగంమంది టెక్స్ట్ అంటున్నారు. మీరేమంటారు?

క్వెరీ_కాపరి: జేసన్‌బీయే పెట్టండి. డేటాబేస్ మార్చే రోజు నిజంగా వస్తే, ఆ పనంతటిలో కాలమ్ టైపు మార్చడం చిన్న ముక్క. టెక్స్ట్‌లో దాస్తే జరీ చీరలు వెతకడానికి ప్రతి రో పార్స్ చెయ్యాలి. జేసన్‌బీకైతే లోపలి కీలు, విలువలతో వెతికే జిన్ ఇండెక్స్ ఉంది. @> (ఈ కీ, విలువ లోపల ఉన్నాయా అని చూసే ఆపరేటర్) ఒక్కటే వాడేట్లయితే జిన్‌లో జేసన్‌బీ పాత్ ఆప్స్ రకం ఎంచుకోండి, ఇండెక్స్ సాధారణంగా చిన్నగా ఉంటుంది.

ఎంటిటీ ఫీల్డ్ మీద జేడీబీసీ (జావా డేటాబేస్‌తో మాట్లాడే పద్ధతి) టైప్ కోడ్ యానొటేషన్‌తో జేసన్ అని చెప్పండి. స్ట్రింగ్ ఫీల్డ్‌కి అది లేకపోతే విలువ వార్‌చార్‌గా వెళ్లి, టైపు కుదరక ఇన్సర్ట్ ఆగిపోతుంది. అప్పుడు కనెక్షన్ యూఆర్‌ఎల్‌లో స్ట్రింగ్‌టైప్‌ని అన్‌స్పెసిఫైడ్ చెయ్యమంటారు. వద్దండి. ఆ కనెక్షన్‌లోని ప్రతి స్ట్రింగ్ పారామీటర్‌కీ అది వర్తిస్తుంది; ఒకే పేరుతో రెండు ఫంక్షన్లుంటే ఏది పిలవాలో పోస్ట్‌గ్రెస్ తేల్చుకోలేకపోవచ్చు.

లాక్_లెక్క: చదవడం వరకు ఒప్పుకుంటాను, చిక్కంతా రాయడంలో. ఒక్క కీ మార్చినా హైబర్నేట్ మొత్తం డాక్యుమెంట్‌ని రాస్తుంది. ఇద్దరు ఒకే ప్రొడక్ట్‌లో వేర్వేరు కీలు మారిస్తే, చివర సేవ్ చేసినవారిదే మిగులుతుంది. కాబట్టి వెర్షన్ ఫీల్డ్ (ఈలోగా వేరేవాళ్లు మార్చారేమో పట్టుకునేది) తప్పనిసరి.

ఇంకోటి: జేసన్‌ని పట్టుకునే జావా క్లాస్‌లో ఈక్వల్స్ (రెండు ఆబ్జెక్టులు సమానమా అని పోల్చే మెథడ్) రాయకపోతే, ఏమీ మారకపోయినా ఫ్లష్ (మార్పులు డేటాబేస్‌కి పంపడం) అయినప్పుడల్లా అప్‌డేట్ వెళ్తుంది. క్లాస్ బదులు మ్యాప్ పెడితే 499.90 అనే బిగ్‌డెసిమల్ (కచ్చితమైన దశాంశం), జేసన్ చదివే జాక్సన్ లైబ్రరీ మామూలు సెట్టింగ్స్‌లో డబుల్‌గా (ఉజ్జాయింపు దశాంశంగా) తిరిగొస్తుంది. ధర ఎప్పుడూ విడి న్యూమరిక్ కాలమ్‌లోనే ఉండాలి.

క్వెరీ_కాపరి: నిజమే, కానీ అవి జేసన్‌బీ తప్పులు కావు, టెక్స్ట్‌లో జేసన్ పెట్టినా అవే వస్తాయి. మ్యాప్ బదులు జావా రికార్డ్ వాడండి, ఈక్వల్స్ దానంతటదే వస్తుంది. నేటివ్ క్వెరీలో (నేరుగా రాసిన ఎస్‌క్యూఎల్‌లో) కీ ఉందో లేదో చూసే ? ఆపరేటర్‌ని జేడీబీసీ పారామీటర్ అనుకుంటుంది; డ్రైవర్‌కి అది ?? అని అందాలి. దాని బదులు జేసన్‌బీ ఎగ్జిస్ట్స్ ఫంక్షన్ పిలిస్తే జవాబు సరిగ్గానే వస్తుంది గానీ జిన్ ఇండెక్స్ వాడదు. పాత్ ఆప్స్ ఇండెక్స్ కూడా ఈ ఆపరేటర్‌కి పనికిరాదు.

మైగ్రేషన్_మేస్త్రి: జేసన్‌బీకి నా ఓటూ ఉంది, ఈనమ్‌కి లేదు. ఈనమ్‌కి ఆల్టర్ టైప్ ఆదేశంతో విలువ చేర్చొచ్చు, పేరు మార్చొచ్చు, తీసెయ్యడానికి మాత్రం ఆదేశమే లేదు. పోస్ట్‌గ్రెస్ 12 నుంచి ట్రాన్సాక్షన్‌లోనే చేర్చవచ్చు, కానీ కమిట్ అయ్యేదాకా ఆ కొత్త విలువ వాడలేం. అందుకే విలువ చేర్చే మైగ్రేషన్ (డేటాబేస్ మార్పుల స్క్రిప్ట్), దాన్ని వాడే మైగ్రేషన్ విడివిడిగా రాయాలి.

స్టేటస్‌లు మారుతూనే ఉంటాయి కాబట్టి వార్‌చార్, చెక్ కన్‌స్ట్రెయింట్ (ఏ విలువలు చెల్లుతాయో చెప్పే నియమం) చాలు. మార్చాల్సి వస్తే పాతది తీసి, కొత్తది నాట్ వాలిడ్‌గా (పాత రోలని అప్పుడే తనిఖీ చెయ్యకుండా) చేర్చి, తర్వాత వేరే ట్రాన్సాక్షన్‌లో వాలిడేట్ చెయ్యండి. పాత రోలు తనిఖీ అవుతున్నంతసేపూ రైట్లు ఆగవు.

టెస్టులు హెచ్2 (టెస్టులకి వాడే చిన్న జావా డేటాబేస్) మీద కాకుండా, కంటైనర్‌లో డేటాబేస్ లేపే టెస్ట్‌కంటైనర్స్‌తో అసలు పోస్ట్‌గ్రెస్ మీదే నడపండి. పైన చెప్పిన జిన్, ఆపరేటర్ తేడాలు హెచ్2లో బయటపడవు.