సమస్యాపూరణం: "తీగ తెగిన వేళ తెర వెలింగె"

నిర్వాహకుడు:
మిత్రులారా, ఈసారి సమస్య ఆటవెలది నాలుగవ పాదం. ఇంట్లో సినిమాల కోసం పెట్టుకున్న కంప్యూటర్‌కూ టీవీకీ నడుమ ఏ తీగ వేయాలన్నదే విషయం. తీగ తెగితే తెర ఆరిపోవాలి, వెలిగిందని సమర్థించాలి. చమత్కారం ఒక్కటే చాలదు, సాంకేతికంగానూ నిలవాలి.

ఒక హెచ్చరిక. నేటి టీవీలకు వేసే డిజిటల్ తీగ పేరు 'హెచ్‌డీఎంఐ'లో నాలుగు అక్షరాలూ గురువులే. ఆటవెలదిలో వరుసగా మూడు గురువులకు మించి రావు. ఆ మూడూ కూడా బేసి పాదం చివర తగణం పడితేనే. కనుక ఆ పేరు ఇందులో ఇమడదు, మరో మాట వెతుక్కోండి. వీజీఏ, డీవీఐ అనే పాత తీగల పేర్లకు మాత్రం సరిగ్గా చోటు ఉంది.

మొదటి పూరణ:

పదియు నైదు ముళ్ళ పాత వీజీఏయె
మసక బొమ్మ చూపె మాకు నాడు;
ఎలుక కొరికె; కొత్త దింటిలో నమరెను;
తీగ తెగిన వేళ తెర వెలింగె.

నిర్వాహకుడు:
యతులు చక్కగా కుదిరాయి. వీజీఏను సరైన చోట కూర్చోబెట్టారు. మూడవ పాదం అచ్చుతో మొదలైనా, ముందు వాక్యం ముగిసింది కనుక ఒప్పుకుంటాను. అయితే ఆ కొత్తది ఏమిటి? అదీ వీజీఏ అయితే మసక పోదు. కంప్యూటర్‌లో బొమ్మ అంకెలుగా ఉంటుంది. 1987 నాటి వీజీఏ ఆ అంకెలను విద్యుత్ అలగా మార్చి పంపుతుంది. టీవీ ఆ అలను కొలిచి మళ్లీ అంకెలు చేస్తుంది. కొలిచే క్షణం రవ్వంత తప్పినా ఒక చుక్క పక్క చుక్కలోకి ఒలుకుతుంది. పద్యంలోకి రావలసిన కారణం అది, ఎలుక కాదు.

రెండవ పూరణ:
మా ఇంట్లో నిజంగా జరిగిందే రాశాను. కంప్యూటర్ పక్క గదిలో, గోడ వెంట పదిహేను మీటర్ల తీగ. పాత టీవీకి ఏళ్ల తరబడి బాగానే పనిచేసింది. 4కే టీవీ పెట్టాక మొదట తెల్లని మిణుకులు కనిపించాయి, తరువాత రెండు మూడు క్షణాలు తెర పూర్తిగా నల్లబడటం, మళ్లీ బొమ్మ రావడం.

పొడవు తీగలోన పోయె సంకేతమ్ము,
నల్లనయ్యె బొమ్మ నాల్గు సార్లు;
పెట్టె దరికి జరిపి పెట్టితిఁ బొట్టిది;
తీగ తెగిన వేళ తెర వెలింగె.

నిర్వాహకుడు:
అమ్మా, మొదటి పాదం ఎంతో బాగుంది. కారణం కూడా నిక్కమైనదే. 1080పీ బొమ్మకు సెకనుకు 60 ఫ్రేముల చొప్పున దాదాపు 4.5 గిగాబిట్లు తీగలో పారితే చాలు. అదే 4కేలో చుక్కలు నాలుగింతలు కనుక సుమారు 18 గిగాబిట్లు పారాలి. 2013లో వచ్చిన హెచ్‌డీఎంఐ 2.0 హద్దు అదే. ఆ వేగాన్ని అంత పొడవాటి మామూలు రాగి తీగ మోయలేదు. కానీ మీ పద్యంలో తీగ తెగలేదు, మారింది. 'తెగిన' అన్న మాటకు పని లేకుండా పోయింది.

రెండవ పూరణ చేసినవారు:
నిజమేనండీ. మూడవ పాదం ఇలా సవరించాను: "పెట్టె దరికి జరిపి పెట్టితి, పొడవైన". ఇప్పుడు ఆ పొడవైన తీగతో బంధమే తెగింది.

నిర్వాహకుడు:
ఇప్పుడు సమస్య పూర్తిగా మీదైంది. పెట్టెను జరపడం కుదరనివారు కాంతితంతువుతో చేసిన హెచ్‌డీఎంఐ తీగ వాడవచ్చు, దూరం దానికి లెక్క కాదు.

మూడవ పూరణ:
హెచ్‌డీఎంఐ ఇమడదన్నారు కనుక డిజిటల్‌ను 'అంకె' అనీ, అనలాగ్‌ను 'అల' అనీ అన్నాను. వీజీఏలో సినిమా కింద వచ్చే తెలుగు అక్షరాలు చూసేవాణ్ని. 'మ'కూ 'య'కూ తేడా చూపే చిన్న వంపు పక్క అక్షరంలో కలిసిపోయేది.

అంకె లలలు గాగ, నవియె యంకెలు గాగ,
గీత చెదరె, రంగు గీటు దాటె;
అంకె యంకెగానె యరుదెంచ, నలలదౌ
తీగ తెగిన వేళ తెర వెలింగె.

నిర్వాహకుడు:
మొదటి పూరణలో నేను అడిగిన కారణం ఇక్కడ ఒక్క పాదంలో వచ్చేసింది. 'అలలదౌ తీగ' అని సమస్యలోకి దిగిన తీరు నాకు ఎంతగానో నచ్చింది. ఒక్క అభ్యంతరం: రంగు గీటు దాటడం అలల తీగకే పరిమితం కాదు. డిజిటల్ తీగలోనూ రంగు సమాచారాన్ని కుదించి 4:2:0గా పంపితే, నల్లని నేపథ్యం మీద ఎర్రని అక్షరాల అంచులు అలుక్కుపోతాయి.

మూడవ పూరణ చేసినవారు:
అవునండీ, నాకూ మొదట అలాగే అలుక్కుపోయాయి. కంప్యూటర్‌లో రంగును కుదించని 4:4:4 ఎంచుకుని, టీవీలో ఆ పోర్టుకు పూర్తి వేగం అనుమతించాకే అంచులు తేరుకున్నాయి. పద్యంలో దానికి చోటు దొరకలేదు.

నిర్వాహకుడు:
దానికి వేరే పద్యం రాయండి, ఎదురు చూస్తాను. డీవీఐ ఎవరూ ముట్టలేదు. 1999 నాటి ఆ తీగలోని బొమ్మా హెచ్‌డీఎంఐలోని బొమ్మా ఒకే పద్ధతిలో ప్రయాణిస్తాయి. అందుకే చిన్న అడాప్టర్‌తో ఒకటి రెండవదానికి అతుకుతుంది, నాణ్యత తగ్గదు. శబ్దానికి మాత్రం డీవీఐ ప్రమాణంలో చోటు లేదు. వచ్చే సమస్య అందులోంచే ఇస్తున్నాను, ఇదీ ఆటవెలదే:

"మాట లేని బొమ్మ మాటలాడె"