గిటార్ వాయించడం వచ్చాక కచేరీ వినే ఆనందం తగ్గుతుందా?

కాపోవాలా:
చాలాకాలంగా నన్ను తొలుస్తున్న ప్రశ్న. గిటార్ చేతికి రాకముందు ఎవరైనా వాయిస్తుంటే నాకు పాట వినపడేది. ఇప్పుడు చేతులు కనపడుతున్నాయి. ఎడమచెయ్యి ఏ పొజిషన్‌లో ఉంది, ఆ బార్ కార్డ్ (ఒక వేలిని తీగలన్నిటి మీదా అడ్డంగా నొక్కి పలికించే స్వరాల గుత్తి) మీంచి పైకి ఎలా దూకాడు, చిటికెన వేలు అంత దూరం ఎలా సాగింది అని చూస్తూ కూర్చుంటాను. అయిపోయాక కార్డ్స్ వరసగా చెప్పమంటే చెబుతాను, ట్యూన్ మాత్రం గుర్తుండదు. వేణువో వయొలినో వింటే ఈ గొడవే లేదు, ఎందుకంటే అవి నాకు రావు.

కాబట్టి నా వాదన ఇది: ఏ వాయిద్యం నేర్చుకుంటామో ఆ వాయిద్యాన్ని వినే సుఖం పోతుంది. కాదనేవాళ్ళు కారణం చెప్పండి. "మీరు సరిగ్గా వినడం లేదు" అంటే అది కారణం కాదు, తిట్టు.

ఆరో తీగ:
తిట్టను లెండి. కానీ పూర్తిగా విభేదిస్తాను. నేర్పేవాణ్ణి కాబట్టి కాస్త పెద్దగానే రాస్తున్నాను.

గిటార్‌లో ఒకే స్వరం చాలాచోట్ల దొరుకుతుంది. మొదటి తీగను ఏమీ నొక్కకుండా మీటితే వచ్చే స్వరమే రెండో తీగ మీద అయిదో ఫ్రెట్‌లో (మెడ మీద అడ్డంగా ఉండే లోహపు గీతల మధ్య గడిలో) ఉంది, మూడో తీగ మీద తొమ్మిదో ఫ్రెట్‌లో ఉంది, నాలుగో తీగ మీద పద్నాలుగో ఫ్రెట్‌లోనూ ఉంది. శ్రుతి ఒకటే, గొంతు వేరు. ఖాళీ తీగ సన్నగా, తేటగా మోగుతుంది. లావు తీగ మీద పైకి వెళ్ళి వాయిస్తే అదే స్వరం గుండ్రంగా, కొంచెం ముసుగేసినట్టు వస్తుంది. మంచి కళాకారుడు ఒకే సంగీత వాక్యాన్ని రెండోసారి వాయించేటప్పుడు తీగ మార్చేస్తాడు. అది ఊరికే చెయ్యడు.

కుడిచెయ్యి సంగతీ అంతే. బ్రిడ్జ్ (గిటార్ పెట్టె మీద తీగలు బిగించిన చోటు) దగ్గర మీటితే పై అనుస్వరాలు (అసలు స్వరంతోపాటు పలికే సన్నటి స్వరాలు) ఎక్కువ పలికి, లోహం మీద కొట్టినట్టు పదునుగా ఉంటుంది. సౌండ్ హోల్ (పెట్టె మధ్యలోని గుండ్రటి రంధ్రం) దాటి ఫ్రెట్ల వైపు వస్తే మెత్తబడుతుంది. మీటిన వేలు పక్క తీగ మీద ఆగితే ఒక రకం నిండుదనం, గాల్లోకి లేచిపోతే ఇంకో రకం తేలిక. నేర్చుకోకముందు ఇవన్నీ నా చెవిలో పడి ఉంటాయి, కానీ అన్నీ కలిసి "బాగుంది" అనే ఒక్క ముద్దగా పడ్డాయి. విడివిడిగా వినడం నా వేళ్ళు అదే పని చేశాకే మొదలైంది. ఇది ఆనందం తగ్గడం ఎలా అవుతుంది?

వినేవాణ్ణి మాత్రమే:
నాకు ఒక్క కార్డ్ కూడా రాదు, నేర్చుకునే ఉద్దేశమూ లేదు. ఆరో తీగ గారు చెప్పినదాని ప్రకారం నేను విన్నదంతా ముద్దే అన్నమాట. సరే. అయితే ఒక్క మాట. గిటార్, ఆర్కెస్ట్రా కలిసి వాయించే రచనల్లో అందరికీ ముందు గుర్తొచ్చేది "కాన్సియెర్తో దె అరన్‌హువెస్". దాన్ని 1939లో రాసిన హోవాకిన్ రోద్రిగోకి గిటార్ వాయించడం రాదు. ఆయన పియానో మనిషి. పైగా మూడేళ్ళ వయసు నుంచి చూపు లేదు, అంటే ఎవరి వేళ్ళూ చూసి ఉండడు. గిటార్ వాయించకుండా గిటార్‌కి అంతటి రచన చెయ్యగలిగినప్పుడు, వాయించకుండా విని ఆనందించలేమా?

ఇంకోటి కూడా చెప్పాలి. కచేరీలో నా పక్కన గిటార్ వచ్చినవాడు కూర్చుంటే నాకు భయం. "ఇది ఈజీ", "ఇక్కడ కాపో (తీగలన్నిటినీ నొక్కిపట్టే క్లిప్పు) పెట్టాడు చూడు" అంటూ చెవిలో ఊదుతూనే ఉంటారు.

ఆరో తీగ:
ఆ చెవిలో ఊదే జాతి తరఫున క్షమాపణలు. కానీ రోద్రిగో ఉదాహరణ మీ వైపు నిలబడదు. ఆయన జీవితమంతా సంగీతంలో తర్ఫీదైన చెవి. గిటార్ రాకపోయినా పియానో వచ్చు, ఆర్కెస్ట్రాకి రాయడం వచ్చు. ఏ వాయిద్యమూ పట్టుకోని శ్రోతకి ఆయన్ని సాక్ష్యంగా తేవడం కుదరదు.

ట్రెమోలో పిచ్చి:
అసలు ప్రశ్నకి వద్దాం. ఫ్రాన్సిస్కో తార్రెగా రాసిన "రెకుయెర్దోస్ దె లా అల్హాంబ్రా" చాలామంది వినే ఉంటారు. మొదటిసారి విన్నవాళ్ళలో చాలామంది ఇద్దరు వాయిస్తున్నారనుకుంటారు. పైన ఆగకుండా సాగే పాట, కింద విడిగా నడిచే బేస్. నిజానికి అక్కడ సాగే స్వరం అంటూ ఏదీ లేదు. బొటనవేలు బేస్ మీటుతుంది, వెంటనే ఉంగరపు వేలు, మధ్యవేలు, చూపుడువేలు వరసగా సన్న తీగని మీటుతాయి, మళ్ళీ బొటనవేలు. అంతే, ఇదే తిరుగుతుంది. వేగానికి చెవి మోసపోయి, తెగిన చుక్కలని గీతగా కలుపుకుంటుంది.

కాపోవాలా గారి లెక్క ప్రకారం ఈ కిటుకు తెలిశాక ఆ మాయ పోవాలి. పోలేదండీ. నిదానంగా సాధన చేసేటప్పుడు నా చేతిలో అది టకటకమనే చప్పుడే, గీత కనిపించదు. కానీ చేయి తిరిగినవాళ్ళు వాయిస్తే, ఎలా చేస్తున్నారో పూర్తిగా తెలిసి కూడా, గీతే వినపడుతుంది. తెలిసీ మోసపోవడంలో ఉన్న మజా తెలియక మోసపోయినప్పుడు లేదు.

అయితే ఒకటి మాత్రం పోయింది. ఆ మూడు వేళ్ళలో ఒకటి, ఎక్కువగా ఉంగరపు వేలు, కాస్త గట్టిగానో ముందుగానో పడితే గుర్రం కుంటినట్టు వినిపిస్తుంది. ఒకప్పుడు అది నాకు తెలిసేది కాదు. ఇప్పుడు ఆ కుంటు వినపడితే మిగతా ఏమీ వినపడదు.

కాపోవాలా:
చూశారా, మీరే చెప్పారు! నేను అనేది సరిగ్గా అదే. కచేరీలన్నీ గొప్పవాళ్ళవి కావు. ఎక్కువ భాగం ఓ మోస్తరు కళాకారులవే. ఇదివరకు వాళ్ళ దగ్గర కూడా నాకు హాయిగా గడిచేది. ఇప్పుడు బేస్ తీగల మీద వేలు జరిగినప్పుడు వచ్చే కీచుమనే చప్పుడు, పాట మధ్యలో శ్రుతి జారిన మూడో తీగ, ఇవే పట్టి లాగుతాయి. పదిమందిలో ఒకరి దగ్గర ఆనందం పెరిగి, తొమ్మిదిమంది దగ్గర పోతే అది లాభమా నష్టమా?

ఆరో తీగ:
ఆ కీచు గురించి మాత్రం అన్యాయంగా మాట్లాడకండి. ఆ మూడు బేస్ తీగలకి సన్నటి లోహపు చుట్టు ఉంటుంది, వేలు దాని మీద జరిగితే ఎంత గొప్పవాళ్ళకైనా కొంత వస్తుంది. పాత రికార్డింగుల్లో పెద్దవాళ్ళవీ వినండి.

పన్నెండు దెబ్బలు:
మీ ఇద్దరూ ఒకే పొరపాటు మీద నిలబడి కొట్టుకుంటున్నారు. తెలిసి వినడానికి దారి వాయించడం ఒక్కటే అన్నట్టు మాట్లాడుతున్నారు. స్పెయిన్ సంగీతం ఫ్లమెంకో చూడండి. అందులో సొలేయా అనే రకంలో పన్నెండు దెబ్బల తాళ ఆవృత్తం ఉంటుంది, బలం 3, 6, 8, 10, 12 మీద పడుతుంది. గిటార్ ఆ చట్రం మీదే పాకుతూ, కావాలని ఎదురు తిరుగుతూ, పదో దెబ్బ దగ్గర వాక్యం ముగించేస్తుంది. లెక్క తెలియనివాడికి అది వేగంగా మీటడం మాత్రమే. తెలిసినవాడు ఆ ముగింపు కోసం ముందే ఎదురుచూస్తుంటాడు, సరిగ్గా పడగానే నోట్లోంచి "ఓలే" (మన "శభాష్" లాంటిది) దానంతటదే వస్తుంది. ఇలా వినేవాళ్ళలో గిటార్ పట్టుకోనివాళ్ళు బోలెడుమంది, చేతులతో దెబ్బ వేస్తారంతే. మన కచేరీల్లో తొడ మీద తాళం వేసే రసికులందరికీ పాడటం వచ్చా?

కాపోవాలా గారూ, ఒక పని చెయ్యండి. తర్వాతి కచేరీలో ఎడమచేతి సంగతి వదిలేసి దెబ్బ లెక్కపెట్టండి. లెక్క కుదిరితే కళ్ళకి పని ఉండదు.

వినేవాణ్ణి మాత్రమే:
హాయిగా వింటున్నవాణ్ణి, ఇప్పుడు పన్నెండు దెబ్బలు నేర్చుకోమంటున్నారు. మళ్ళీ నేర్చుకోవడమేగా! అయినా 3, 6, 8 దాకా వచ్చాను, చూద్దాం.

రెండు వేళ్ళు:
నా ఉద్దేశంలో దోషం నేర్చుకోవడానిది కాదు, వీడియోది. మనలో చాలామంది వేళ్ళని దగ్గరగా చూపించే వీడియోలు చూసి నేర్చుకున్నాం, ఆపి, వెనక్కి తిప్పి, మళ్ళీ చూసి. కాబట్టి గిటార్ మోగగానే కన్ను చేతి మీదకి పోతుంది. ఇంకా నష్టం ఏంటంటే కంటికి కష్టంగా కనిపించేదే గొప్పదనిపిస్తుంది. పరుగుపెట్టే స్కేల్ (స్వరాల వరస) కంటికి పండగ. కానీ గిటార్‌లో స్వరం మీటిన క్షణం నుంచే చనిపోవడం మొదలెడుతుంది. వయొలిన్‌కి విల్లు ఉంది, వేణువుకి ఊపిరి ఉంది, గిటార్‌కి ఏదీ లేదు. అలాంటి దాని మీద నిదానమైన పాటని తెగకుండా నడిపించడం చాలా కష్టం, అందులో చూడటానికేమీ ఉండదు.

జాజ్ గిటారిస్టు జాంగో రైన్‌హార్ట్ సంగతి తెలిసిందే కదా. 1928లో అగ్నిప్రమాదంలో ఎడమచేతి ఉంగరపు వేలు, చిటికెన వేలు దెబ్బతిన్నాయి. సోలోలు దాదాపు మిగిలిన రెండు వేళ్ళతోనే. నేను ఆ రికార్డింగులు ముందు విన్నాను, ఈ విషయం తర్వాత తెలిసింది. అదే వరస మంచిదనుకుంటాను. ముందే తెలిసి ఉంటే ప్రతి వాక్యానికీ "రెండు వేళ్ళతో ఎలా?" అనుకుంటూ గడిపేవాణ్ణి.

కాపోవాలా గారికి నా సలహా: వెనక వరసలో కూర్చోండి, వేళ్ళు కనపడని చోట.

కాపోవాలా:
వీడియో మాట ఒప్పుకుంటాను, నేను నేర్చుకున్నది అలాగే. కానీ మోస్తరు కచేరీల గురించి నేను వేసిన ప్రశ్నకి ఇంతవరకు ఎవరూ జవాబు చెప్పలేదు. దెబ్బ లెక్కపెట్టినా, వెనక కూర్చున్నా, శ్రుతి తప్పిన తీగ వినపడుతూనే ఉంటుంది కదా.

ఆరో తీగ:
దానికి నా దగ్గరా జవాబు లేదు. ఆ వెనక వరస సలహా మాత్రం చూసి పాటించండి. మైకు పెట్టిన కచేరీ అయితే సరే. నైలాన్ తీగల గిటార్, మైకు లేకుండా అయితే వెనక ఏమీ మిగలదు, అంత చిన్న గొంతు దానిది. స్పెయిన్ గిటార్ కళాకారుడు సెగోవియా పెద్ద హాళ్ళలోనూ మైకు పెట్టనిచ్చేవాడు కాదు, జనం ఊపిరి బిగబట్టి వినాల్సి వచ్చేది. అలాంటి చోట మూడో నాలుగో వరస తీసుకుని కళ్ళు మూసుకోవడమే మేలు. పక్కన మాత్రం గిటార్ వచ్చినవాళ్ళు లేకుండా చూసుకోండి.