పాత ట్రాక్టర్ స్టీరింగ్ బిగువు: ముందు పంపు మార్చాలా, గేజీ పెట్టాలా?

కోవూరు_కుర్రోడు: మా నాయన బండి, 18 ఏళ్లది. పొద్దున స్టీరింగ్ వేలితో తిరుగుతాది. దమ్ములో గంట తోలేసరికి రెండు చేతులతో లాగినా కదలదు. ఆయిల్ లెవెల్ సరిగ్గానే ఉండాది. మేస్త్రీ స్టీరింగ్‌కి ఆయిల్ నెట్టే పంపు మార్చమంటా ఉండాడు. మార్చేదా?

బుచ్చి_మాగాణి: మార్చెయ్ తమ్ముడూ. వేడెక్కాక బిగిస్తే పంపే. పోయినేడు మాకూ ఇంతే, కొత్త పంపు వేశాం, బిగువు పోయింది.

పొదిలి_స్పానర్: తొందరెందుకన్నా. వేడికి ఆయిల్ పలచనై, అరిగిన చోట లోలోపలే జారిపోతాది. ఆ అరిగింది పంపే అని ఎట్టా చెప్తావు? ప్రెజర్ ఎక్కువైతే వదిలే రిలీఫ్ వాల్వు స్ప్రింగు కావచ్చు, స్టీరింగ్ తిప్పినవైపు ఆయిల్ మళ్లించే ఆర్బిట్రాల్ కావచ్చు, చక్రాలు తిప్పే సిలిండర్ సీళ్లు కావచ్చు. పంపు లైనుకి ప్రెజర్ కొలిచే గేజీ తగిలించి స్టీరింగ్ చివరిదాకా తిప్పి రెండు మూడు సెకన్లు పట్టుకో. పుస్తకంలో ఉన్న ప్రెజర్ వస్తే పంపు జోలికి పోవద్దు. రాకపోతే సిలిండర్ పైపులకి ప్లగ్గులేసి మళ్లీ చూడు. అప్పుడు పెరిగితే సీళ్లే.

ఉలవపాడు_తోట: ఏ ఆయిల్ పోశారు?

బుచ్చి_మాగాణి: మా ఊళ్లో గేజీ ఎవరి దగ్గరుందయ్యా? నెల్లూరు నుంచి మనిషి రావాలంటే మూడు రోజులు. సోమశిల నీళ్లు వంతు ప్రకారం వస్తాయి, మన గేజీ కోసం ఆగవు. మెట్ట సేద్యం వాళ్లకేం తెలుసు!

ఉలవపాడు_తోట: ఆయిల్ సంగతి ఎవరూ చెప్పరే.

పొదిలి_స్పానర్: మెట్ట మాటెందుకు? ఒకాయన నీలాగే తొందరపెట్టి పంపు వేయించుకున్నాడు. తగ్గలా. సీళ్లు పోయినాయి. గేజీ పెడదామన్నా వినకుండా, చివరికి నా కూలి ఎగ్గొట్టాడు.

బుచ్చి_మాగాణి: అదీ సంగతి, నీ కూలి పోయింది! మరి నాది? మా మేస్త్రీ పంపు కంటే ముందు ఆర్బిట్రాల్ మార్పించాడు. తగ్గలా. ఒకసారి బిగించిన సామాను షాపోడు వెనక్కి తీసుకోడు. ఆ డబ్బులు ఎవరు పెట్టారు? నేను.

పొదిలి_స్పానర్: ఈ ఆర్బిట్రాల్ ముక్క ఇందాక మింగేశావేం? గేజీ పెట్టుంటే ఆ ఖర్చు తప్పేది కదా!

బుచ్చి_మాగాణి: తప్పేదే. గేజీ పెట్టి కూడా నువ్వు తప్పు చెబితే? సామాను డబ్బులు నువ్వు కడతావా? ఆ ఒక్క మాట చెప్పు.

పొదిలి_స్పానర్: సామానుకి కట్టలేనన్నా. కూలి మాత్రం తీసుకోను.

బుచ్చి_మాగాణి: మా మేస్త్రీ ఆ పాటి మాట కూడా అనలా.

కోవూరు_కుర్రోడు: అన్నలూ, ఇప్పుడే మూత తీసి చూశా. ఆయిలంతా నురగ నురగగా ఉండాది.

పొదిలి_స్పానర్: నురగా! ఇప్పుడా చెప్పేది? ఎక్కడో గాలి పీలుస్తా ఉండాది. తొట్టి నుంచి పంపుకి వచ్చే పైపు మెత్తబడిందేమో, క్లిప్పు వదులైందేమో చూసి బిగించు. అంతదాకా పంపు ముట్టుకోవద్దు.

బుచ్చి_మాగాణి: చూశారా, గేజీ లేకుండానే చెప్పాడు.

ఉలవపాడు_తోట: నేను అడిగింది ఆయిల్ గురించే కదా.