సింగపూర్‌లో ఒక్క రోజు: వెళ్ళొచ్చిన మనోళ్ళు ఏం గమనించారు?

అలిపిరి_స్టూడెంట్: మా కాలేజీ వాళ్ళు సింగపూర్ తీసుకెళ్తున్నారు. ఊరు తిరగడానికి ఒక్క రోజే ఇచ్చారు. ఫోటో స్పాట్లు వీడియోల్లో చూసేశాను. అక్కడి మనుషుల తీరు ఎక్కడ తెలుస్తుందో చెప్పండి.

చిత్తూరు_అక్క: మాల్‌లో తినొద్దు తమ్ముడూ, హాకర్ సెంటర్‌కి వెళ్ళు, అంటే తిండి స్టాళ్ళన్నీ ఒకేచోట ఉండే చోటికి. మేము లిటిల్ ఇండియాలోని టెక్కా సెంటర్‌లో తిన్నాం. ఖాళీ టేబుల్ మీద ఒక టిష్యూ ప్యాకెట్ ఉంది. ప్లేట్లు పట్టుకుని వచ్చినవాళ్ళు దాన్ని చూసి పక్కకి వెళ్ళిపోతున్నారు. పల్లె వెలుగు బస్సులో కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు పట్టినట్టే, కానీ ఎవరూ మాట అనుకోలేదు. తిన్నాక ట్రే మనమే తీసుకెళ్ళి రాక్‌లో పెట్టాలి. హలాల్ ప్లేట్లకి వేరే రాక్. 2021 నుంచి పెట్టకపోతే మొదట వార్నింగ్, తర్వాత ఫైన్. మా పక్క టేబుల్ పెద్దాయన మాత్రం పడిన మెతుకులు కూడా టిష్యూతో ఎత్తి ట్రేలో వేసుకుని లేచాడు. అది ఫైన్ భయంతో చేసే పని కాదు. ఇంకోటి, స్టాల్‌లో ఉండే పెద్దవాళ్ళు చైనీసైనా మలయ్ అయినా అందరికీ అంకుల్, ఆంటీలే. నువ్వూ అలాగే పిలువు.

గాంధీరోడ్డు_బ్రో: ఎమ్మార్టీ రైల్లో మంచినీళ్ళు తాగినా ఫైనే, 500 డాలర్ల దాకా. ఎస్కలేటర్ మీద ఎడమవైపు నిలబడు.

కావడి_మొక్కు: టెక్కా నుంచి సెరంగూన్ రోడ్డు వెంట నడిస్తే శ్రీనివాస పెరుమాళ్ గుడి, అంటే మన వెంకన్న గుడి వస్తుంది. 1855 నాటిది. తిరుపతి వాళ్ళం అంత దూరం పోయి స్వామిని చూడకుండా వస్తామా? తైపూసం పండక్కి మురుగన్ కావిళ్ళు బయల్దేరేది ఈ గుడి నుంచే, ట్యాంక్ రోడ్డులోని సుబ్రహ్మణ్య స్వామి గుడి దాకా. ఆడికృత్తికకి మా ఇంట్లో కావడి ఎత్తుకుని తిరుత్తణి పోతారు. అక్కడ పెరుమాళ్ వాకిట్లోంచి కావడి కదులుతుందని తెలిసి నాకు ఒళ్ళు పులకరించింది.

తిరుచానూరు_మాధవి: లిటిల్ ఇండియా ఒక్కటే చూసి వచ్చేస్తే సగం చూసినట్టే. సౌత్ బ్రిడ్జ్ రోడ్డుకి కూడా పోండి. 1827 నాటి మారియమ్మన్ గుడి ఉన్నది చైనాటౌన్‌లో. దాని దగ్గరే జామే మసీదు, అదే రోడ్డులో ఇంకాస్త ముందుకెళ్తే బుద్ధుడి దంతం ఉంచిన మందిరం. గోపురం కింద నిలబడితే పూల వాసన, అగరబత్తి వాసన కలిసి వస్తాయి. అక్కడ ఓ గంట ఊరికే నిలబడి వచ్చేపోయేవాళ్ళని చూడండి.

అలిపిరి_స్టూడెంట్: అక్కా, మధ్యాహ్నం గుళ్ళు తెరిచే ఉంటాయా?

కావడి_మొక్కు: మూసేస్తారు, సాయంత్రమే మళ్ళీ తీసేది. పొద్దున్నే ఫ్యారర్ పార్క్ స్టేషన్‌లో దిగి పెరుమాళ్ దర్శనం చేసుకో, టెక్కాలో భోంచెయ్, సాయంత్రం చైనాటౌన్ పెట్టుకో.