కొత్తగా బిగించిన ఇంజన్‌లో ఆయిల్ ప్రెషర్ రావట్లేదు, స్టార్ట్ చేసే ముందు ఏం చేయాలి?

నా పాత కారు నాలుగు సిలిండర్ల పెట్రోల్ ఇంజన్‌ని పూర్తిగా విప్పి మళ్లీ బిగించాను. బేరింగులు, పిస్టన్ రింగులు, ఆయిల్ పంపు అన్నీ కొత్తవే. బేరింగులకు అసెంబ్లీ లూబ్ (మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు అరగకుండా బిగించేటప్పుడు పూసే చిక్కటి పూత) పూశాను గానీ, తర్వాత వేరే పనులు మీద పడి ఇంజన్ రెండు నెలలు స్టాండు మీదే ఉండిపోయింది. ఆ పూత ఇంకా ఉందో, కిందికి జారిపోయిందో అని ఇప్పుడు టెన్షన్.

డిస్ట్రిబ్యూటర్ తీసి డ్రిల్‌తో పంపు తిప్పే పద్ధతి దీనికి కుదరదు, పంపుని నేరుగా క్రాంక్ షాఫ్టే తిప్పుతుంది. అందుకే స్పార్క్ ప్లగ్గులు తీసేసి, పెట్రోల్, ఇగ్నిషన్ రెండూ ఆపి, స్టార్టర్‌తో 10 సెకన్ల చొప్పున 5 సార్లు తిప్పాను. మధ్యమధ్యలో స్టార్టర్‌ని చల్లారనిచ్చాను. గేజ్ ముల్లు కదిలితే ఒట్టు! ఫిల్టర్‌ని ఆయిల్‌తో నింపే పెట్టాను. పంపుని మాత్రం పొడిగానే బిగించేశాను, ఆ తప్పు నాదే.

ఇంకా తిప్పి చూడనా? లేక ప్రెషర్ స్విచ్ రంధ్రంలోంచి ప్రెషర్ ట్యాంకుతో ఆయిల్ ఎక్కించడం మేలా? అలా ఎక్కిస్తే పంపు కూడా తడుస్తుందా, గ్యాలరీల్లోకి (ఇంజన్ లోపల ఆయిల్ పారే దారుల్లోకి) మాత్రమే పోతుందా? పైన వాల్వుల్ని నొక్కే రాకర్ల దగ్గర ఆయిల్ కనిపించేదాకా ఆగాలా? సంప్ (ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టి) మళ్లీ విప్పమని మాత్రం అనకండి, ప్లీజ్.