కాలిన గాయానికి పథ్యం: పప్పు, పెరుగు బంద్ పెట్టాల్నా?

ఓరుగల్లు_బిడ్డ:
అందరికీ నమస్తే, మాది హన్మకొండ. సంక్రాంతికి సకినాలు కాలుస్తుంటే మూకుడు ఒరిగి కాగిన నూనె మా అమ్మ తొడ మీద, కుడి చెయ్యి మీద పడ్డది. పదకొండు రోజులు దవాఖానల ఉండి మొన్న ఇంటికొచ్చినం. ఇప్పుడు తిండితోనే పరేషాన్ అయితుంది. మా పెద్దమ్మ పప్పు తింటే చీము పడ్తది, పెరుగు వద్దు, వంకాయ వద్దు అని ఒట్టి చారన్నం పెడ్తుంది, పక్కింటి ఆంటీ ఏమో మేక కాళ్ళ షోర్వా తాగిస్తేనే కొత్త తోలు వస్తదంటది. మా ఇంట్ల నీసు ముట్టం, గుడ్డు కూడా తినం. 58 కిలోలు ఉండే అమ్మ ఇప్పుడు 53, ఎడమ చేతి గాజులు మోచేతి దాక జారుతున్నయి, చూస్తే ఏడుపొస్తుంది. నాన్‌వెజ్ లేకుంటే పుండు మానదా?

నర్సక్క_కరీంనగర్:
తమ్మీ, చీము పప్పుతోని రాదు, పుండుకు ఇన్ఫెక్షన్ అయితే వస్తది. కాలినప్పుడు ఒంటికి మామూలు కంటే చానా ఎక్కువ శక్తి ఖర్చయితది, పుండుల నుంచి కారే నీళ్ళతోని కూడా ప్రొటీన్ పోతది, తిండి చాలకపోతే ఒళ్ళు సొంత కండనే కరిగించుకుంటది, అమ్మ గట్ల చిక్కింది అందుకే. ఎక్కువ కాలిన పెద్దోళ్ళకు కిలో బరువుకు రోజుకు 1.5 నుంచి 2 గ్రాముల ప్రొటీన్ కావాలె, అంటే అమ్మకు 80 గ్రాముల పైమాటే. చారన్నంతోని ఎక్కడొస్తది? షోర్వా నీళ్ళల్ల కూడా పెద్దగ ఉండదు, ముక్కల్లనే ఉంటది. కిడ్నీ జబ్బు ఉంటే మాత్రం డాక్టర్‌ని అడగకుండ పెంచొద్దు.

జనగామ_అక్క:
మా అత్తమ్మకు గంజి మీద పడ్డప్పుడు మేము శాకాహారంతోనే ఎల్లదీసినం. మీల్‌మేకర్ 50 గ్రాములు నానబెట్టి, పిండి, మెత్తగ రుబ్బి పప్పుల కలిపేదాన్ని, దాంట్లనే 25 గ్రాముల ప్రొటీన్ వస్తది. పన్నీర్ 100 గ్రాములకు 18 దాక, పెద్ద గ్లాసు పాలకు 8. పల్లీలు దంచి అన్నంల కలపాలె. ఒక్కసారే ప్లేటు నిండ పెడితే ముఖం తిప్పుకునేది, రెండు గంటలకోసారి నిమ్మకాయంత ముద్దలు చేసి నేనే నోట్ల పెట్టిన.

రైతన్న_పరకాల:
తినేటోళ్ళకు గుడ్డు సులువు, ఒక్కదాంట్ల 6 గ్రాములు. మీరు తినరు కాబట్టి డైటీషియన్‌ని అడిగి ప్రొటీన్ పొడి కూడా రాయించుకో తమ్మీ, నోరు సహించనప్పుడు పప్పుతోనే 80 అందుకునుడు కష్టం.

ఓరుగల్లు_బిడ్డ:
అందరికీ దండం. నర్సక్క రాసింది పెద్దమ్మకు చదివి వినిపించిన, ఏమనలే, లేచి పెసరపప్పు కడిగి పొయ్యి మీద పెట్టింది. అక్కా, అమ్మకు షుగర్ ఉంది, పండ్లు పెట్టొచ్చా?

నర్సక్క_కరీంనగర్:
జామకాయ పెట్టు, విటమిన్ సి బాగుంటది. జ్యూసులు వద్దు. షుగర్ ఎక్కువుంటే పుండు జల్ది మానది, రేపు డ్రెస్సింగ్‌కు పోయినప్పుడు షుగర్ టెస్ట్ కూడా చేపియ్యి.