తక్కువ ఖర్చుతో ఈఈజీ: ఈసీజీ మాడ్యూల్ సరిపోతుందా?

నీలాంబరి: గుండె సంకేతాలను అందుకునే ఏడీ8232 మాడ్యూల్‌ను ఆర్డునో ఊనో అనే చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డుకు కలిపితే ఈసీజీ చక్కగా వస్తోంది. అవే ఎలక్ట్రోడ్లను తలకు పెడితే మెదడు విద్యుత్ సంకేతాలు (ఈఈజీ) కూడా అందుతాయా? మెదడు సంకేతాలను కొలిచే ఓపెన్‌బీసీఐ బోర్డు కొనే స్తోమత ప్రస్తుతానికి లేదు. చేసి చూసినవారు చెప్పండి.

తరంగం: ఆశ పెట్టుకోకండి. ఛాతీ మీద గుండె సంకేతం సుమారు 1 మిల్లీవోల్టు ఉంటుంది. తల మీద దొరికేది కొన్ని పదుల మైక్రోవోల్టులే. ఆ మాడ్యూల్ దాన్ని దాదాపు 1100 రెట్లు పెంచుతుంది కాబట్టి 50 మైక్రోవోల్టులు 55 మిల్లీవోల్టులవుతాయి. ఊనోలోని 10 బిట్ల ఏడీసీ (వోల్టేజిని అంకెలుగా మార్చే భాగం) 5 వోల్టులను 1024 మెట్లుగా విడగొడుతుంది, అంటే ఒక్కో మెట్టు 4.9 మిల్లీవోల్టులు. మీ ఈఈజీ అంతా పదకొండు మెట్లలో ఇరుక్కుంటుంది. ఓపెన్‌బీసీఐ వారి సైటన్ బోర్డులోని ఏడీఎస్1299 చిప్ 24 బిట్లది, అంటే దాని మెట్లు ఎంతో సన్నవి. ఖరీదంతా అక్కడే.

మధుర: లెక్క సరే, కానీ ఆల్ఫా తరంగాలను (కళ్లు మూసుకున్నప్పుడు మెదడులో బలంగా కనిపించే లయను) చూడటానికి అంత బోర్డు అక్కర్లేదు. బయోయాంప్ ఈఎక్స్‌జీ పిల్ అనే చిన్న యాంప్లిఫయర్ బోర్డు ఒకే చానెల్‌ది, డిజైన్ అందరికీ అందుబాటులో ఉంది, ఈఈజీకి కూడా పనికొస్తుంది. ఊనోలో తర్వాత వచ్చిన ఆర్4 రకం అయితే ఏడీసీని 14 బిట్ల దాకా వాడుకోవచ్చు.

నా అనుభవంలో బోర్డు కన్నా ఎలక్ట్రోడ్ అతుకే ముఖ్యం. తల వెనుక ఎడమవైపు ఉండే ఓ1 అనే స్థానంలో జుట్టును పాయ తీసి, చర్మాన్ని స్పిరిట్‌తో తుడిచి, ఎలక్ట్రోడ్ పేస్టు నిండుగా పెట్టి కప్పు ఎలక్ట్రోడ్‌ను అదమాలి. అతుకు వదులైతే తెర మీద 50 హెర్ట్జ్ కరెంటు రొద తప్ప ఏమీ కనిపించదు. కుదిరిందో లేదో తెలియాలంటే కళ్లు మూసుకోండి. చాలామందిలో పౌనఃపున్యాల గ్రాఫ్‌లో 8 నుంచి 12 హెర్ట్జ్ మధ్య శిఖరం లేస్తుంది, కళ్లు తెరవగానే అణిగిపోతుంది. మనుషుల ఈఈజీని తొలిసారి నమోదు చేసిన హాన్స్ బెర్గర్ 1929లో ప్రకటించింది ఈ లయనే. అది మన తెర మీద లేచినప్పుడు కలిగే ఆనందం చెప్పనలవి కాదు!

కిరణ్_ల్యాబ్: అన్నిటికన్నా ముందు భద్రత. ఒంటికి ఎలక్ట్రోడ్లు ఉన్నంతసేపూ ల్యాప్‌టాప్ చార్జర్ తీసేయండి, బ్యాటరీ మీదే నడపండి. గోడ కరెంటుతో నడిచే మానిటర్, ప్రింటర్ వంటివేవీ దానికి తగిలించవద్దు. ఈ విషయంలో రాజీ లేదు. వీటితో రోగనిర్ధారణ కూడా చేసుకోకండి.

నీలాంబరి: చార్జర్ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు, చాలా కృతజ్ఞతలు. జుట్టు బెడద లేదు కదా, నుదుటి మీద పెడితే కుదరదా?

మధుర: సంకేతం సులువుగానే వస్తుంది, కానీ అందులో ఎక్కువ భాగం కంటిరెప్పలదే. రెప్పపాటు మెదడు తరంగాల కన్నా పెద్దదిగా కనిపిస్తుంది, పళ్లు బిగిస్తే దవడ కండరాల సంకేతం వచ్చి కలుస్తుంది. "ఏకాగ్రత పెరిగింది" అని చూపే ప్రదర్శనల్లో ఇది గమనించాలి. అయితే రెప్పపాటుతో స్విచ్ నడపాలనుకుంటే మాత్రం నుదురే మంచి చోటు.

తరంగం: మరొక మాట. ఫిల్టర్ వేయని ముడి డేటాను కూడా తప్పకుండా దాచండి. 50 హెర్ట్జ్ రొదను తర్వాతైనా తొలగించవచ్చు; ఫిల్టర్‌లో పోయింది తిరిగి రాదు.